వంటింటి కిటికీ ఎందుకు మూసి ఉంది?

(ఆబిడ్స్‌లో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వంటింటి చాకిరీ గురించి, దానికి విలువ కట్టకపోవడం గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఆ గదిలో మనం పీల్చే గాలి గురించి మాత్రం తక్కువే మాట్లాడాం.

పొగ అనగానే పల్లెటూరి కట్టెల పొయ్యి గుర్తొస్తుంది. అందుకు కారణముంది. మన నాంపల్లి పక్కనే, హాకా భవన్‌లో పనిచేసిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్, చెన్నై శ్రీరామచంద్ర వైద్య కళాశాల పరిశోధకులతో కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల పల్లెల్లో 420 ఇళ్ల గాలిని కొలిచింది. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. రోజు మొత్తం మీద సగటున ఘనపు మీటరు గాలిలో సన్నని ధూళి గ్యాస్ వాడే ఇళ్లలో 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టెలు, పిడకల వంటివి వాడే ఇళ్లలో 732 దాకా ఉంది. ఆ ఇళ్లలో మగవాళ్లకంటే, పిల్లలకంటే వంట చేసే స్త్రీలే ఎక్కువ ధూళి పీల్చారు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాయి. గ్యాస్ పొయ్యి మేలు చేసిందనడంలో సందేహం లేదు. అయితే గ్యాస్ మంట నుంచి కూడా నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. కాగిన నూనె పొగ, పోపు ఘాటు ఉండనే ఉన్నాయి. గాలి ఆడని గదిలో అవన్నీ వండే మనిషి చుట్టూనే తిరుగుతాయి.

నాంపల్లిలో అద్దె పోర్షన్లలో ఉండే స్త్రీలను కలిసినప్పుడు నా ప్రశ్నల కాగితంలో "వంటింటికి కిటికీ ఉందా?" అని ఉంది. ఒకామె "ఉంది" అంది. నేను టిక్కు పెట్టుకున్నాను. తర్వాత చూస్తే ఆ కిటికీకి గడియ పెట్టి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. ఎందుకని అడిగాను.

"మాంసం వండినప్పుడు మూస్తనక్కా. వాసన పైకి పోతే ఓనరమ్మ ఇల్లు ఖాళీ చెయ్యమంటది. ఈ ఇల్లు దొరకనీకే మస్తు తిరిగినం" అంది.

వండినంతసేపూ ఆమె దగ్గుతూనే ఉంది. నా లెక్కలో మాత్రం అది కిటికీ ఉన్న ఇల్లు! నా చదువు మీద నాకే సిగ్గేసిన రోజది. కులం, మతం అద్దె ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోవు. అవి పొయ్యి దాకా వస్తాయి, ఆడమనిషి ఊపిరితిత్తుల దాకా పోతాయి.

వంటగదికి కనీసం ఒక చదరపు మీటరు కిటికీ ఉండాలనీ, అది ఆరుబయటికి తెరుచుకోవాలనీ నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో రాశారు. మెట్లకింద గదిని వంటిల్లని అద్దెకిచ్చేవాళ్లను ఎవరడిగారు? ట్రూప్ బజార్ ఇక్కడికి నాలుగడుగులు. ఎగ్జాస్ట్ ఫ్యాను కొనుక్కోవచ్చు. కానీ గోడకు కన్నం కొట్టాలంటే ఓనరు ఒప్పుకోవాలి, డబ్బు తీయడానికి ఇంటాయన ఒప్పుకోవాలి. పనిచేసే గదిలో గాలి ఆడాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్లోనే రాసుకున్నారు. రోజూ రెండుపూటలా పనిచేసే మన వంటిల్లు ఎవరి లెక్కలోనూ పనిచోటు కాలేదు.

కాబట్టి బస్తీలకు వెళ్లినప్పుడు "కిటికీ ఉందా?" అని అడిగి ఊరుకోవద్దు. "తెరుస్తారా? తెరవకపోతే ఎవరికి భయపడి?" అని అడుగుదాం. అద్దె ఇళ్లలో తిండి పేరుతో జరిగే వివక్షను వంటింటి గాలితో కలిపి నమోదు చేద్దాం. గాలి ఆడే వంటిల్లు ఇల్లు కట్టేవాళ్ల బాధ్యత, అద్దెకిచ్చేవాళ్ల బాధ్యత అని మునిసిపాలిటీ ముందు నిలబడి అడుగుదాం.

ఆమె ఇంకా కిటికీ మూసుకునే వండుతుంటే, మనం మాట్లాడే హక్కులు ఆ ఇంటిదాకా చేరనట్టే.