బండి బ్యాటరీ మార్చే ముందు
సెల్ఫ్ అందుకోకపోతే చాలామంది వెంటనే కొత్త బ్యాటరీ కొనేస్తారు. లోపం ఛార్జింగ్‌లో ఉంటే ఆ కొత్తదీ త్వరలోనే దిగిపోతుంది. ముందు మల్టీమీటరు పెట్టించండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. స్టార్ట్ చేసి రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్యకు ఎక్కాలి. ఎక్కకపోతే మాగ్నెట్ కాయిల్, రెగ్యులేటర్, వైరింగ్ చూడాలి. 15 దాటితే అనుమానం రెగ్యులేటర్ మీదే. అలాగే వదిలేస్తే బ్యాటరీ ఉడికిపోతుంది, బల్బులు మాడిపోతాయి.

నేనైతే మొదట కప్లర్లు విప్పి చూడమంటాను. మాడి నల్లబడిన పిన్ను, చిలుము పట్టిన టెర్మినల్, వదులైన ఎర్త్ వైరు... కొద్దిపాటి ఖర్చుతో సరయ్యే ఈ లోపాలకే ఎంత డబ్బు పోతోందో! ఇంకో మాట, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షించనివ్వకండి. వోల్టేజి ఎగసి ఇంజన్‌ను నియంత్రించే ఈసీయూ కాలిపోవచ్చు.