కృష్ణా మాగాణుల మట్టి కట్టుబడి



ఒకప్పుడు నాగళ్లు సాగిన బెజవాడ పటమటలో, ఇప్పుడు మేడలు లేచిన చోట, మట్టిని గూర్చి ప్రసంగింపుమని నన్నీ పీఠమున గూర్చుండబెట్టిన మీ సాహసమునకు గృతజ్ఞుడను. సిమెంటు క్రింద బడిన నేలకు గాలియు లేదు, వేరును లేదు. దానికై శోకించుటకంటె, ఇంకను దున్నబడుచున్న నేలకు మనమేమి చేయుచున్నామో విచారించుట యుక్తము.

1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను పాడుపెట్టిన పిమ్మట, ఆర్థర్ కాటన్ ప్రేరణచే 1852లో ఆరంభమై 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట, వానను నమ్ముకొని మెట్టపైరులు పండించిన భూములను వరిమాగాణులుగా మార్చినది. ఆ ఆనకట్ట 1952లో తెగగా 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వెలసినదే కాని, నేలకు బడిన చాకిరి మాఱలేదు. అది యేటేట దమ్ము.

దమ్మనగా, నీరు నిలిపిన మడిలో మట్టి రవ్వలను బుద్ధిపూర్వకముగా నలగద్రొక్కి, వాని కూర్పైన కట్టుబడిని విఱిచి, వాని నడుమ గాలిసందులను మూసి, నీరు క్రిందికింకకుండ జేయుట. వరికిది మేలు, తరువాతి పైరుకు గాదు. అయినను మన నల్లరేగడికి ఒక సుగుణమున్నది: తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును, ఆ విచ్చుటయే దానికి సహజమైన దుక్కి. సార్వా యను తొలిపంట వెనుక దాళ్వా యను రెండవ పంటయు వరియే యైనచో ఆ యారుదల కాలము తఱిగి, నాగటికిని చక్రములకును అడుగున గట్టిపొర పేరుకొనును.

ఈ మర్మమును మన పెద్దలు ప్రయోగశాల లేకయే గ్రహించిరి. కోతకు రెండు మూడు దినములు ముందుగా, నిలిచియున్న వరిచేనిలోనే మినుములు వెదజల్లి, మిగులు తేమతోను మంచుతోను పంట దీయుట ఈ డెల్టా రైతు ప్రతిభ. మినుము వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు జేర్చుటయే గాక, దాని తల్లివేరు దమ్ముచే బిగిసిన మట్టిలోనికి జొచ్చి, తాను చివికిన పిదప గాలికిని నీటికిని దారి విడుచును. పిల్లిపెసర పశువులకు మేతయై, జీలుగయు జనుమును పూతదశలో కలియదున్నబడి యెరువై, గొఱ్ఱెలమంద రాత్రులు పొలమున విడిసి, నేల గుల్లబాఱెడిది. వరి విఱిచిన కట్టును అపరాలు తిరిగి కూర్చెడివి.

ఆ పొత్తు నేడు సడలినది. పల్లాకు తెగులును బంగారుతీగయు మినుమును పీడించినవి. కోతయంత్రపు చక్రములు తడిమడిని త్రొక్కి చల్లిన గింజను నలిపినవి. చాలచోట్ల దున్నకయే మొక్కజొన్న దిగినది. రైతును నిందింప నాకు నోరాడదు, ధర యెటున్నదో సేద్యమటే పోవును. కాని మొక్కజొన్న నత్రజనిని గొనునే గాని యీయదు.

నేల కట్టుబడిని దెలుపుటలో మన భూసార పరీక్షలయందు నాకు సంపూర్ణ విశ్వాసము లేదు. నీట మునిగిన నేలలో గాలి చాలక సేంద్రియపదార్థము మెల్లగా జీర్ణించును గనుక, కర్బనపు లెక్క సరిగానుండియు కట్టుబడి చెడియుండవచ్చును. నత్రజని, భాస్వరము, పొటాషులను మాత్రము తూచిన పత్రము ఈ చెఱుపును చూపజాలదు. ఇట్టివి తెలియుటకు దశాబ్దములు పట్టును. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ పరిశోధనా క్షేత్రమున 1843 నుండి బ్రాడ్‌బాక్ పొలమున గోధుమ పండించుచునే యున్నారు. 1882లో అందొక మూలను సాగు మాని విడువగా అది అడవియై, ఆ మట్టిలో కర్బనము దశాబ్దములపాటు పెరిగినది. మన పూర్వపు మదరాసు ప్రెసిడెన్సీలోనే, కోయంబత్తూరున, 1909లో శాశ్వత ఎరువుల ప్రయోగ మారంభమైనది.

కావున 1945లో నెలకొన్న బాపట్ల వ్యవసాయ కళాశాలకును, లాం, ఘంటసాల పరిశోధనా క్షేత్రములకును నాదొక విన్నపము: వరి వెనుక వరి, వరి వెనుక మొక్కజొన్న, వరి వెనుక మినుము అను మూడు మళ్లను ప్రక్కప్రక్కన నేర్పఱచి, యేటేట ఎరువుల లెక్కతోబాటు గట్టిపొర యెంత లోతున నున్నదో, వాననీరు గడియకెంత యింకుచున్నదో, వానపాములెన్ని యున్నవో కొలిచి వ్రాయింపుడు. ఆ చిట్టాను రైతులు వచ్చి చదువుకొనునట్లు తెలుగుననే యుంచుడు.