పరీక్ష పెట్టే వంతు మీది

పట్టాలు అందుకున్న మీకు అభినందనలు. ఇన్నేళ్ళూ పరీక్షలు రాశారు. మొబైల్ యాప్‌ల పనిలోకి వెళ్ళేవాళ్ళు ఇక పరీక్షలు పెట్టాలి, అదీ యంత్రం చేత పెట్టించాలి. ఆ ఆటోమేటెడ్ టెస్టుల్లో తెలుగు ఉండాలని, చిత్తూరు జిల్లాలోని మన ఐరాల లాంటి ఊళ్ళ మనుషులూ ఉండాలని నా వాదన.

2018 ఫిబ్రవరి సంగతి చూడండి. ఐఫోన్‌లో ఒక్క తెలుగు అక్షరం కనబడితే చాలు, యాప్ కూలిపోయేది. జకారం, పొల్లు, ఞకారం, వాటి తర్వాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం. ఈ వరుసను తెరమీద చూపడం ఐఓఎస్ 11.2.5కు చేతకాలేదు. మెసేజెస్, వాట్సాప్ మూతపడేవి. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చాకగానీ కుదుటపడలేదు. మనం మామూలుగా రాసే ‘జ్ఞానం’తో ఏ చిక్కూ లేదు కాబట్టి, చేత్తో టైపు చేసి చూసేవాళ్ళకు ఇది దొరకదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరుసలున్నాయని తర్వాత తేలింది. ఆపిల్‌కు టెస్టులు లేవని ఎవరూ అనరు. ఆ టెస్టులకు ఈ వరుస అందలేదనే అనుకోవాలి. హల్లులు, వత్తులు, గుణింతాలు, కనబడని గుర్తులు అన్ని రకాలుగా కలిపి వేల మాటలు పుట్టించడం యంత్రానికి ఒక్క రాత్రి పని. కలపమని చెప్పడానికి మాత్రం లిపి తెలిసిన మనిషి కావాలి.

టెస్టు రాసే టైములో ఇంకో ఫీచర్ రాసుకోవచ్చు కదా అంటారు. వారానికోసారి మారే తెరకైతే నిజమే, చేత్తో చూసుకోవడమే మేలు. కానీ లాగిన్, చెల్లింపు లాంటివి ప్రతి అప్‌డేట్‌కూ, ప్రతి ఆండ్రాయిడ్ వెర్షన్‌లోనూ మళ్ళీ చూడాలి. అంత ఓపిక మనిషికి ఉండదు. ఆ టెస్టులు ఊరికే ఫెయిలవుతాయన్నది ఇంకో ఫిర్యాదు. అదీ అబద్ధం కాదు: తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత నిలకడలేనితనం ఉందని 2016లో గూగులే చెప్పింది. కారణాల్లో ఒకటి మన చేతిలోనే ఉంది. ఓటీపీ తెర కోసం ‘5 సెకన్లు ఆగు’ అని రాస్తాం. ఆఫీసు వైఫైలో 2 సెకన్లే చాలు, సిగ్నల్ సరిగా అందని పల్లెలో 10 పట్టొచ్చు. సెకన్లు లెక్కపెట్టకుండా, ఓ గడువు పెట్టి, ఓటీపీ పెట్టె కనబడేదాకా ఆగమని రాయాలి. మొబైల్ యాప్‌లను పరీక్షించే సాధనం యాపియంలో అందుకు వీలుంది. నెట్ నెమ్మదిగా ఉన్నట్టు నటించమని ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌కు చెప్పొచ్చు కూడా.

ఇక ఏఐ ఉందిగా, అదే రాసిపెడుతుందంటారా? కోడ్ రాస్తుంది, సందేహం లేదు. కానీ మన ఐరాల మండలంలోని కాణిపాకం గుడికి వచ్చే యాత్రికుడి పాత ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే బటన్ మీద కింది వత్తు తెగిపోతుందేమో చూడమని ఎవరో ఒకరు అడగాలి. ఇంటిపేరు ముందు పెట్టుకునే మామిడి రైతు పేరును ఫారం ఒప్పుకుంటుందో లేదో కూడా అడిగితేనే చూస్తుంది. అడగాల్సింది మీరే. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే టెస్టు డేటా ఫైలు తెరవండి. ‘టెస్ట్ యూజర్ 1’ పక్కన మీ అవ్వ పేరు తెలుగులో, ఇంటిపేరుతో సహా చేర్చి, టెస్టు నడిపి చూడండి.