స్ఫటికం చుట్టూ ఉన్న ఖాళీ



కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, 1928లో కలకత్తాలో రామన్ గారి దగ్గర పనిచేసి, 1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరిన ఆచార్య సూరి భగవంతం గారిని ఈ వాల్తేరులో నేను పరిచయం చేయనక్కర్లేదు. ఆయనా, టి. వెంకటరాయుడు గారూ కలిసి రాసిన గ్రూప్ సిద్ధాంతం పుస్తకాన్ని 1948లో ఈ విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. స్ఫటికానికి ఉన్న సౌష్ఠవాన్ని బట్టి అది ఎన్ని రకాలుగా కంపించగలదో, వాటిలో ఏవి రామన్ వర్ణపటంలో కనబడతాయో, ఏవి కనబడవో కాగితం మీదే తేల్చే పద్ధతి అందులో ఉంది. ఆ లెక్కలకు పునాది ఒక ఊహ. స్ఫటికం అన్ని దిక్కులా తప్పు లేకుండా, అంతు లేకుండా సాగుతుందని. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ ఊహ చెల్లని చోటు గురించి. ఒక మైక్రాన్ కూడా లేని ఒంటరి స్ఫటికం లోపల పరమాణువుల వరసలు ఎక్కడ వంగాయో, ఎక్కడ తెగాయో, దాన్ని కోయకుండా సంబద్ధ ఎక్స్‌ కిరణాలతో చూసే విద్య గురించి.

1912లో మ్యూనిక్‌లో లావె బృందం చేసిన ప్రయోగం, ఆ వెంటనే బ్రాగ్ తండ్రీకొడుకుల సూత్రం మీకు ఇంటర్మీడియట్ నుంచీ తెలిసినవే. వాటిని దాటేస్తున్నాను. ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఫిల్మైనా డిటెక్టరైనా నమోదు చేసేది తీవ్రతను మాత్రమే. వచ్చి తగిలిన తరంగం ఏ దశలో ఉందో నమోదు కాదు. దశ తెలియకపోతే వివర్తనం నుంచి వస్తువు బొమ్మకు తిరిగి వెళ్ళలేం. మామూలు స్ఫటికాలకు ఈ చిక్కును గణాంకాలతో విప్పిన హాప్ట్‌మన్, కార్ల్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. అది వేరే ఉపన్యాసానికి సరిపోయే కథ.

1952 నుంచి 1999 దాకా సాగిన కాలం దగ్గర మాత్రం నన్ను కాసేపు నిలవనివ్వండి. పాత పత్రికలు ముందేసుకుని నేను చదువుకున్నది దాన్నే.

1952లో ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఐదో సంపుటంలో ఒక్క పేజీ లేఖ వచ్చింది. రాసినవాడు డేవిడ్ సేయర్. యుద్ధకాలంలో అమెరికాలో రాడార్ పని చేసి, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో డొరొతీ హాడ్జ్‌కిన్ దగ్గర డాక్టరేట్ చేసినవాడు. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు. సమాచార ప్రసారం కోసం షానన్ చెప్పిన సిద్ధాంతాన్ని సేయర్ స్ఫటికాల మీద ప్రయోగించాడు. వస్తువు వెడల్పు తెలిస్తే దాని వివర్తనాన్ని ఎంతెంత దూరంలో కొలిస్తే చాలో ఆ సిద్ధాంతం చెబుతుంది. స్ఫటికంలో మళ్ళీ మళ్ళీ వచ్చే ఒక్కో ఏకకాన్ని వస్తువుగా తీసుకుంటే, బ్రాగ్ బిందువులు సరిగ్గా ఆ దూరంలోనే పడతాయి. అయితే ఆ దూరం తరంగాన్ని దశతో సహా కొలవగలిగినప్పటి మాట. తీవ్రత ఒక్కటే కొలిచినప్పుడు దాని వెనక ఉండేది వస్తువు కాదు, వస్తువును దానితోనే పోల్చి చూసిన పటం. ఆ పటం వెడల్పు వస్తువుకు రెట్టింపు. అంచేత కొలతలు రెండింతలు దగ్గరగా జరగాలి, అంటే రెండు బ్రాగ్ బిందువుల నట్టనడుమ కూడా కొలవాలి. సౌష్ఠవ కేంద్రం ఉన్న నిర్మాణాల్లో దశ అంటే ప్లస్ లేదా మైనస్, అంతే. అలాంటివాటిలో నడిమి బిందువుల తీవ్రతలు దొరికితే, ఆ గుర్తులు విడిగా కనుక్కున్నంత ఫలితం ఉంటుందని లేఖ సారాంశం.

చిక్కల్లా ఆ నడిమి చోట్లలోనే ఉంది. పెద్ద స్ఫటికం అక్కడ ఏమీ ఇవ్వదు. అలాంటి లెక్కకు మించిన ఏకకాలన్నిటి నుంచీ బయల్దేరిన తరంగాలు బ్రాగ్ బిందువు దగ్గర కూడుకుంటాయి, నడుమ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అక్కడ ఏదైనా కనబడాలంటే వస్తువు ఒంటరిదై ఉండాలి, లేదా స్ఫటికం మరీ చిన్నదై ఉండాలి. అంత చిన్న వస్తువు నుంచి వచ్చే సంకేతం ఆనాటి ఎక్స్‌ కిరణ గొట్టాలకు అందేది కాదు. సేయర్ ఐబీఎంలో చేరి, జాన్ బాకస్ బృందంలో ఫోర్ట్రాన్ తయారీలో పాలుపంచుకున్నాడు. స్ఫటికం కాని నమూనాలకూ ఈ పద్ధతి పనికొస్తుందన్న ప్రతిపాదనతో 1980లో మళ్ళీ ముందుకొచ్చాడు.

ఈ లోపు అసలు పని ఇంకోచోట జరిగింది. 1972లో గెర్చ్‌బర్గ్, శాక్స్‌టన్ అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల కోసం ఒక చక్రభ్రమణం లాంటి లెక్క రాశారు. దాన్ని 1978లో మిషిగన్‌లోని ఒక పరిశోధన సంస్థలో జేమ్స్ ఫీనప్ పట్టుకున్నాడు. అతని ముందున్నది స్ఫటికం కాదు, ఖగోళ శాస్త్రజ్ఞుల కష్టం. వాతావరణం నక్షత్ర కాంతి దశలను చెరిపేస్తుంది, పరిమాణాలను మాత్రం ఎలాగో రాబట్టవచ్చు.

ఫీనప్ లెక్కను దగ్గరగా చూద్దాం. కొలిచిన తీవ్రతల వర్గమూలాలు, అంటే తరంగ పరిమాణాలు, తీసుకోండి. వాటికి తోచిన దశలు తగిలించి బొమ్మగా మార్చండి. కాగితమంతా చుక్కల గందరగోళం వస్తుంది. అయితే వస్తువు ఫలానా గీత లోపలే ఉందని, దాని బయట ఏమీ లేదని మనకు తెలుసు. బయట కనబడినదాన్ని తుడిచేసి మళ్ళీ వివర్తనంగా మార్చండి. కొత్త దశలు వస్తాయి, వాటిని ఉంచండి. పరిమాణాలు కూడా మారి ఉంటాయి, వాటిని తీసేసి కొలిచినవి పెట్టండి. ఇలా వెళ్తూ వస్తూ ఉండండి. కొంతదూరం బాగానే నడిచి, తప్పు బొమ్మ దగ్గర ఇరుక్కుపోతుంది. ఫీనప్ చేసిన మార్పు పైకి చిన్నదే. గీత బయట మిగిలినదాన్ని ఒక్కసారిగా తుడిచేయకుండా, అంతకుముందటి అంచనాలోంచి అందులో 0.9 వంతో అంతకు కాస్త అటూ ఇటో తీసేశాడు. దానితో లెక్క ఇరుక్కున్న గుంటలోంచి బయటపడసాగింది. 1982లో అప్లైడ్ ఆప్టిక్స్‌లో వచ్చిన అతని వ్యాసంలో ఈ పద్ధతులన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చాడు. నేటికీ ఈ రంగంలో నడుస్తున్న ప్రోగ్రాములకు అదే మూలం.

ఇక్కడ నాకో పాత తగాదా ఉంది, చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఈ చరిత్ర రాసే పండితుల్లో ఒక వర్గం, అంతా 1952 నాటి ఆ ఒక్క పేజీలోనే ఉందని అంటుంది. మిగిలిన నలభై ఏడేళ్ళూ మంచి కాంతి కోసం, పెద్ద కంప్యూటర్ కోసం ఎదురుచూసిన కాలమేనని వారి వాదం. సేయర్ మీద నాకున్న గౌరవం వారికన్నా తక్కువ కాదు. కానీ ఆ పేజీ చెప్పింది ఎంత దగ్గరగా కొలవాలో. కొలిచాక దశను ఎలా రాబట్టాలో సాధారణ వస్తువుకు అది చెప్పలేదు. రాబట్టిన బొమ్మ ఒక్కటే అవుతుందా, దానికి పోటీగా మరో బొమ్మ ఉండదా అన్న ప్రశ్న అందులో అసలే లేదు.

ఆ ప్రశ్నకు జవాబు 1979లో ఖార్కివ్ నుంచి వచ్చింది. బ్రుక్, సోడిన్ చూపించింది ఇది. ఒకే దిక్కున పరచుకున్న వస్తువు వివర్తనాన్ని బహుపదిగా రాస్తే అది మూలాలుగా విడిపోతుంది. ఒక్కో మూలాన్నీ తిరగేసినా తీవ్రత మారదు, కాబట్టి పోటీ బొమ్మలు బోలెడు. రెండు చలరాశుల బహుపది మాత్రం దాదాపు ఎప్పుడూ విడిపోదు. అంటే ఒక గీత మీద కుదరనిది ఒక తలం మీద కుదురుతుంది. 1982లో న్యూజిలాండ్‌లో రిచర్డ్ బేట్స్ ఈ వాదాన్ని మరింత ముందుకు తీసుకెళ్ళాడు. ప్రతి దిక్కులోనూ రెండింతలు కొలవాలని ఆయన పట్టు, అంటే మూడు దిక్కులకు ఎనిమిదింతలు. 1998లో మియావో, సేయర్, చాప్‌మన్ అంత అక్కర్లేదని, మొత్తం మీద రెండింతలు దాటితే చాలునని వాదించారు. 2008లో ఎల్సర్, మిలేన్ లెక్కించే తీరునే మార్చారు. వస్తువును దానితోనే పోల్చిన పటం ఎంత చోటు ఆక్రమిస్తుందో, దాన్ని వస్తువు ఆక్రమించే చోటుకు రెట్టింపుతో భాగించమన్నారు. చక్కని కుంభాకార వస్తువుకు, సౌష్ఠవ కేంద్రం ఉంటే, ఒక దిక్కులో ఆ నిష్పత్తి 1. తలంలో 2. మూడు దిక్కుల్లో 4. మొదటిదాంట్లో సమాచారం అంచున ఉంది, చివరిదాంట్లో పుష్కలంగా మిగిలింది. ఈ మూడు అంకెలు చూశాక కూడా 1952తో పని పూర్తయిందనడం నాకు అన్యాయంగా తోస్తుంది. పోయిన దశను తిరిగి ఇచ్చింది వస్తువు చుట్టూ ఉన్న ఖాళీ. ఆ ఖాళీని సమీకరణంలోకి తెచ్చినవాళ్ళు ఫీనప్, బ్రుక్, సోడిన్, బేట్స్. వాళ్ళ పేర్లు ఈ చరిత్ర అడుగున చిన్న అక్షరాల్లో ఉండవలసినవి కావు.

ఇక కాంతి. దీనికి సంబద్ధ కిరణాలు కావాలి. కోలాటంలో అందరి కర్రలూ ఒక్క దెబ్బ మీద పడ్డట్టు, నమూనా ఈ చివరా ఆ చివరా తాకే తరంగాలు ఒకే లయలో ఉండాలి. మూలం ఎంత చిన్నదై, ఎంత దూరంలో ఉంటే లయ కలిసే వెడల్పు అంత పెరుగుతుంది. అలా వడగట్టగా మిగిలే కాంతి కొంచెమే. అంచేత బలమైన ఎక్స్‌ కిరణాలిచ్చే సింక్రోట్రాన్ల కోసం ఆగక తప్పలేదు, ప్రతిపక్షం మాటలో అంతవరకు నిజముంది. న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్‌లో 1987లో యున్, కిర్జ్, సేయర్ ఒక్క డయాటమ్ నుంచి వివర్తనం పట్టుకున్నారు. బొమ్మ మాత్రం రాలేదు.

బొమ్మ వచ్చింది 1999లో, అక్కడే. మియావో, చారలాంబస్, కిర్జ్, సేయర్ కలిసి నేచర్ పత్రికలో ప్రకటించారు. సిలికాన్ నైట్రైడ్ పొర మీద, ఒక్కొక్కటి 100 నానోమీటర్ల వెడల్పు, 80 నానోమీటర్ల మందం ఉన్న బంగారు చుక్కలతో అక్షరాలు పేర్చారు. కిరణం తరంగదైర్ఘ్యం 1.7 నానోమీటర్లు. నేరుగా దూసుకొచ్చే కిరణం డిటెక్టరును పాడుచేయకుండా మధ్యలో అడ్డు పెట్టారు, దాంతో నడిమి కొలతలు పోయాయి. ఆ లోటును మామూలు మైక్రోస్కోపుతో తీసిన అదే నమూనా ఫోటో నుంచి పూరించారు. మిగతాదంతా ఫీనప్ తరహా లెక్క చూసుకుంది. కటకం లేకుండా 75 నానోమీటర్ల స్పష్టతతో అక్షరాలు తేలాయి. అప్పటికి సేయర్‌కు డెబ్బై ఐదేళ్ళు. ఆ నడిమి రంధ్రాన్ని దాటేసి వెళ్ళకూడదు. నా దృష్టిలో ఆ ప్రయోగపు నిజాయితీ అంతా అక్కడే ఉంది. దశలు వివర్తనం నుంచే వచ్చాయి, కానీ మొత్తం బొమ్మ దాని ఒక్కదాని నుంచే రాలేదు. ఆ కొరతను 2003లో మార్చెసిని బృందం తీర్చింది. గీతను కూడా ముందుగా ఇవ్వకుండా, లెక్క సాగుతూ ఉండగా అదే బిగుసుకుంటూ వచ్చేట్టు చేసి, 50 నానోమీటర్ల బంగారు గోళీల బొమ్మ తీశారు.

భగవంతం గారికి బాగా నచ్చేదనిపించే శాఖ దీని పక్కనే మొలిచింది. 2001లో ఇయన్ రాబిన్సన్ బృందం బంగారు నానోస్ఫటికాల మీద, బ్రాగ్ బిందువు చుట్టూ కొలిచింది. స్ఫటికం చిన్నదైతే బ్రాగ్ బిందువు చుక్కలా ఉండదు, చుట్టూ పట్టీలు తేలతాయి. పట్టీల మధ్య దూరం స్ఫటికం పరిమాణానికి విలోమం. స్ఫటికాన్ని డిగ్రీలో అతి చిన్న వంతుల చొప్పున తిప్పుతూ కొలిచి, ఆ పొరలు పేర్చితే మూడు దిక్కుల్లోనూ వివర్తనం చేతికొస్తుంది. స్ఫటికం నిర్దోషమైతే ఆ నమూనా బ్రాగ్ బిందువుకు ఇరువైపులా ఒకేలా ఉంటుంది. లోపల పరమాణువులు తమ చోటు నుంచి జరిగితే ఒక పక్కకు ఒరుగుతుంది.

2006లో అదే బృందం అతి శూన్యంలో, సిలికా పలక మీద కరిగిన సీసపు బిందువును గట్టిపడనిచ్చి, సుమారు 750 నానోమీటర్ల స్ఫటికం తయారుచేసింది. దాని వివర్తనం ఒరిగే ఉంది. లెక్క పూర్తయ్యాక దొరికిన సాంద్రతకు పరిమాణంతో పాటు దశ కూడా వచ్చింది. ఆ దశే పరమాణువుల జాలకం ఎంత జరిగిందో చెబుతుంది. దశను బ్రాగ్ సదిశతో పోల్చి చదివితే, ఆ దిక్కులో స్థానభ్రంశం ఎంతో నానోమీటరులో చిన్న వంతుల దాకా తెలుస్తుంది. సౌష్ఠవం ఎక్కడ, ఎంత చెడిందో స్ఫటికం తన పటం తానే గీసి ఇచ్చినట్టయింది.

అధ్యక్షులు గడియారం వైపు చూస్తున్నారు. మిగతాది వడివడిగా చెబుతాను. 2006లోనే హాంబర్గ్‌లో చాప్‌మన్ బృందం 25 ఫెమ్టోసెకన్ల ఒక్క లేజర్ పల్సుతో, నమూనా ధ్వంసమయ్యే లోపే వివర్తనం పట్టింది. 2010లో జింక్ ఆక్సైడ్ కడ్డీలో అన్ని దిక్కుల వికృతినీ, అంటే జాలకపు సాగుడునూ నొక్కుడునూ, రాబట్టారు. దానికి ఒకే స్ఫటికం నుంచి వేర్వేరు బ్రాగ్ బిందువులు కనీసం మూడు కావాలి. 2013లో బంగారు స్ఫటికాల కంపనాలు, 2015లో బ్యాటరీ కణంలో ఒక్క డిస్‌లొకేషన్ (పరమాణువుల వరస తెగిన చోటు) కదలిక బొమ్మలయ్యాయి. నమూనా మీద కిరణాన్ని జరుపుతూ వివర్తనాలు కొలిచే, రోడెన్‌బర్గ్, తిబో చేపట్టిన టైకోగ్రఫీకి ఇంకో గంట కావాలి, వదిలేస్తున్నాను. స్వీడన్‌లో 2016లో, గ్రెనోబుల్‌లో 2020లో, షికాగో దగ్గర 2024లో కొత్త సింక్రోట్రాన్ వలయాలు నడక మొదలుపెట్టాయి. వాటిలో సంబద్ధ కాంతి మునుపటికన్నా చాలా రెట్లు ఎక్కువ. మనకు ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది.

కాంతి కొరత తీరుతున్నకొద్దీ మిగులుతున్నది లెక్కలోని కష్టమే. స్ఫటికం బాగా వంగిపోతే, దశ 2π దాటి చుట్టలు తిరిగితే, ఫీనప్ లెక్క నేటికీ ఇరుక్కుంటుంది. ఒకే కొలతను వేర్వేరు మొదలు దశలతో నడిపి, వచ్చిన బొమ్మలు ఒకదానితో ఒకటి కలుస్తాయో లేదో చూడటమే ఇప్పటి పరీక్ష. విద్యార్థుల్లో ఎవరికైనా ఇందులోకి దిగాలని ఉంటే, 1979 నాటి ఆ బహుపది వాదాన్ని తీసుకుని వికృతి ఉన్న స్ఫటికానికి రాసి చూడండి. ఎక్కడ తెగుతుందో నాకు కనబడుతోంది, ఎలా అతకాలో చర్చిద్దాం. ప్రశ్నలు అడగండి.