తాతల మాట కూడా సాక్ష్యమే



నేను ఆదిలాబాద్ గోండు గూడేల్లో పరిశోధన చేస్తున్నాను. సెలవుల్లో ఆదివాసీ కుటుంబ చరిత్రలు రాసిపెట్టడానికి వస్తామంటున్న విద్యార్థి మిత్రులను ఒక్కటే అడుగుతాను. ఆ చరిత్ర రాశాక ఎవరి దగ్గర ఉండాలి?

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2008 నాటి నిబంధనల్లో 13వది చదవండి. ప్రభుత్వ రికార్డులే కాదు, పాత బావులు, శ్మశానాలు, దేవతల స్థలాలు, పాత రికార్డుల్లోని మనిషితో కలిపే వంశవృక్షం, కోర్టు కాగితాలు కూడా సాక్ష్యాలే. హక్కు కోరే మనిషి కాక వేరే పెద్దలు చెప్పింది రాసిపెడితే అదీ సాక్ష్యమే. అంటే తాత మీద అటవీశాఖ పెట్టిన కేసు తీర్పు ఈ రోజు మనవడికి ఆధారం కావచ్చు. ఎస్టీలు కాని అటవీవాసులైతే మూడు తరాలు, 75 ఏళ్లు చూపించాలి. అడవి ఊళ్లలోని దళితులకూ ఇదే లెక్క.

ఆధారం లేకపోతే ఏమవుతుందో 2019లో చూశాం. దరఖాస్తులు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించాలని ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. నిరసనలు వచ్చాక 28న ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఆ రెండు వారాలు ఎన్ని గూడేలు ఎలా నిద్రపోయి ఉంటాయో ఆలోచించండి.

ఇక్కడ చరిత్ర లేదనుకుని రాకండి. గోండు వంశాల కథలను తరతరాలుగా కిక్రి వాయిస్తూ నిలబెట్టినవారు ప్రధాన్లు. 1940లో కుమ్రం భీం జోడేఘాట్ దగ్గర చనిపోయాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. ఆయన కృషితో గోండులకు పట్టాలు, బడులు వచ్చిన మాట నిజం. కానీ ఆయన ఫొటోలు, నోట్సు చేరింది లండన్‌లోని సోయాస్‌కు. మార్లవాయి మనవలు తాతల ముఖాలు చూడాలంటే ఇంకో దేశపు సంస్థ మీద ఆధారపడాలి. మనం కూడా పెన్‌డ్రైవ్ నింపుకుని యూనివర్సిటీకి వెళ్లిపోతే తేడా ఏముంది?

అందుకే నాలుగు పనులు చేద్దాం. అసలు కాగితం ఇల్లు దాటకూడదు, అక్కడే ఫొటో తీద్దాం. పెద్దల మాట గోండిలోనే రికార్డు చేసి, రాసింది వారికి చదివి వినిపిద్దాం. మొదటి ప్రతి కుటుంబానికి, రెండోది గ్రామసభకు ఇచ్చాకే మనది. బయట చెప్పొద్దన్నది మన థీసిస్‌లో కూడా రాయొద్దు.

ఈ షరతులకు ఒప్పుకునేవారు పేర్లివ్వండి. గోండి రానివారు ఇప్పటినుంచే నేర్చుకోవడం మొదలుపెట్టండి.

జై భీమ్.