కరువులో ఆపిన బాప్తిస్మం



కష్టంలో విశ్వాసం పెరుగుతుందంటే నాకు ఒంగోలు సంగతే గుర్తొస్తుంది. 1876–78 కరువులో అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు పట్టారు. ఆకలితో వచ్చినవారికి పని, కూలి దొరికాయి. సేదదీరే వేళల్లో బోధకులు వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడిగారు. దొరగారు ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆపేశారు. అడిగినవారికి అదెంత బాధో! సాయం ముగిసిందని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అందరూ ఆ అంకె చెప్పుకుని మురుస్తారు. మస్టరు రోళ్ళు రాసిన గుమాస్తాను కనుక నాకు మాత్రం కూలి ఆగాక వచ్చినవాళ్ళే కనిపిస్తారు. కరువు మంచిదని నేననను, ఎందరో పోయారు.

నా సంగతి చెప్పుకోవాలంటే సిగ్గు. ఆపరేషనుకు ముందు రాత్రంతా ప్రార్థించాను. కుట్లు మానాక నాలుగు ఆదివారాలు ఆరాధనకే పోలేదు. అయిదో వారం వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను.