దీపం ఆరినా ఆట ఆగరాదు



పిల్లలు సెల్‌ఫోను వదలరనే ఫిర్యాదు కోరాపుట్‌లోనూ, రాయగడలోనూ మన ఇండ్లన్నింటా ఉన్నదే. ఫోను లాక్కొన్నంత మాత్రాన పిల్లవాడు మైదానానికి పోడు. ఫోనులోని ఆకర్షణనే ఆరుబయటికి తేవచ్చునా అన్నది నేటి నా విషయం.

హాలెండులో యాల్ప్ అనే కంపెనీవారు 'సోనా' అనే కమాను తయారుచేశారు. పైనున్న కెమెరా పిల్లల కదలికను కనిపెడుతుంది. స్పీకరు ఆట నడుపుతుంది. వారి 'సుటు' అనే గోడ బంతి ఎక్కడ తగిలిందో గుర్తించి దీపాలు వెలిగిస్తుంది. పిల్లవాడు కదిలితేనే ఆట సాగుతుంది. 5 మొదలు 17 ఏండ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసే శ్రమ కావాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆటయంత్రానికి అదే కొలబద్ద.

అంత ఖరీదైనవి మనకు వద్దు. మన 'నేలా బండా' ఆటనే తీసుకోండి. నేలలో ఆరు పలకలు, ఒక్కొక్కదాని ప్రక్కన ఒక దీపం. వెలిగినది బండ, ఆరితే నేల. దీపం ఆరగానే మరో బండకు పరుగెత్తాలి. మధ్యలో దొంగ పట్టుకొంటాడు. తగువు వస్తే పిల్లలే తీర్చుకోవాలి. అదీ ఒక చదువే. రాయగడ వీధుల్లో తెలుగు, ఒడియా, కువి మాట్లాడే పిల్లలున్నారు. దీపానికి భాష లేదు గనుక అందరూ కలిసి ఆడగలరు. మన సంఘం పెట్టే ఆటస్థలం మన పిల్లలకే అని గిరి గీయకుందుము గాక.

రైల్వేలో సిగ్నలు చెడిపోతే ప్రమాదాన్ని సూచించేటట్లే ముందుగా ఏర్పాటు చేస్తారు. ఆటస్థలానికీ అట్టి ముందుచూపు కావాలి. మన కొండల వానలకు తీగెలలో నీరు చొరకూడదు. బ్యాటరీతో నడిచే కొద్దిపాటి కరెంటే వాడాలి. కెమెరా పెడితే పిల్లల బొమ్మలు నిలవచేయరాదు. కరెంటు పోయిననాడు అవే పలకలు తొక్కుడుబిళ్ళ గడులు కావాలి.

రిబ్బను కత్తిరించడానికి చాలామంది వస్తారు; కాలిన దీపం మార్చేవారెవరో కూడా ముందే నిర్ణయించాలి. లేకుంటే చందాదారుల సొమ్ము తుప్పు పాలు.

అందుచేత నా మనవి: ఏమీ కొనకముందు ఒక నెల సుద్దతో గడులు గీసి పిల్లలను ఆడనివ్వండి. వారు ఏ ఆటకు మళ్ళీ మళ్ళీ వస్తారో చూడండి. దానికే దీపం పెడదాం.